దేముడమ్మ తాడు కింద పెట్టిన రోజు

తరిమెన మీద గిరగిరా తిరుగుతున్న కట్టె ఊడొచ్చి పైడయ్య కనుబొమ్మ చీల్చింది. వేలెడు కిందికి తగిలుంటే కన్ను పోయేది.

ఇది అనగనగా జరిగింది. ఎంత అనగా అంటే, మా అమ్మమ్మకు ఈ కథ చెప్పిన ముసలమ్మకే ఇంకెవరో ముసలమ్మ చెప్పింది. అప్పుడు ఏటి ఒడ్డున అంకుడువాడ అని ఒక ఊరుండేది. ఆ ఊళ్లో ఇంటింటికీ ఒక తరిమెన. రెండు దిమ్మల మధ్య ఇనుప ఇరుసు, ఇరుసుకు చుట్టిన తాడు. ఒకరు తాడును అటూ ఇటూ లాగితే ఇరుసు తిరుగుతుంది, దానికి బిగించిన కట్టె తిరుగుతుంది. ఇంకొకరు ఉలి ఆనించి బొంగరాలు, భరిణెలు, లక్కపిడతలు చెక్కుతారు. ఉలి పట్టినవాడి పేరు పది ఊళ్లకు తెలుసు. తాడు లాగే మనిషి పేరు ఎవరూ అడగరు.

పైడయ్య ఇంట్లో తాడు లాగేది అతని పెళ్లాం దేముడమ్మ.

ఆ తరిమెనకు మోత ఎక్కువ. కిర్రుమనేది, గర్రుమనేది, గడగడలాడేది. ఆ మోత వింటే పైడయ్య తల్లి అసిరమ్మ పొంగిపోయేది. ఎందుకంటే అంకుడువాడలో ఒక ఆచారం ఉంది. ఇంట్లో మనిషి పోతేనే తరిమెన ఆపుతారు. పొద్దెక్కినా ఎవరి తరిమెనైనా పలకలేదంటే ఆ ఇంట్లో చావు వచ్చినట్టే. అందుకని మోత ఎంత పెద్దదైతే ఆ ఇల్లు అంత చల్లగా ఉన్నట్టు లెక్క. మా ఇంటి మోత ఏటి అవతలికి వినిపిస్తుందని అసిరమ్మ ఊరంతా చెప్పుకునేది. పక్కింటివాళ్లు మాత్రం చెవుల్లో దూది పెట్టుకునేవాళ్లు.

ఆ మోత ఎక్కణ్ణించి వస్తోందో పైడయ్యకు తెలియక కాదు. ఇరుసు రెండు కొనలూ చెక్క గూళ్లలో తిరుగుతాయి. ఆ గూళ్లు అతని తండ్రి పెట్టినవి. అరిగిపోయాయి. పైడయ్య వాటిలో ఆముదం పోశాడు. ఒక రోజు ఊరుకుంది, మళ్లీ కిర్రు, గర్రు, గడగడ. గుడ్డపీలికలు కుక్కాడు. ఒక పూట ఊరుకుంది, మళ్లీ కిర్రు, గర్రు, గడగడ. తాటినారతో బిగించి కట్టాడు. కట్టు ముడి పడేలోపే కిర్రు, గర్రు, గడగడ.

ఆ తర్వాతే కట్టె ఎగిరింది, కనుబొమ్మ చీలింది.

దేముడమ్మ మొగుడి గాయానికి పసుపు అద్ది, లేచి వెళ్లి గూట్లో వేలు పెట్టి చూసింది. గుండ్రంగా ఉండాల్సిన గుంట కోడిగుడ్డులా సాగిపోయింది. ఇరుసు పక్కన వేలు సులువుగా దూరింది.

“గూళ్లు మార్చు మావా,” అంది.

పైడయ్య తల అడ్డంగా ఊపాడు. పాత గూళ్లు పగలగొడితేగాని ఇరుసు బయటికి రాదు. ఆ ఇరుసునే ఎర్రగా కాల్చి, కొత్త చెక్కలో గుచ్చి గుంట చెయ్యాలి. ఆ చెక్క మూడు రోజులు ఆముదంలో నానాలి. మూడు రోజులు తరిమెన ఆగాలి. తన తండ్రి పోయినప్పుడు ఆగింది, మళ్లీ ఆగలేదు.

“అమ్మ ఒప్పుకోదే.”

“కన్ను పోయేది అమ్మకు కాదు, నీకు.”

అసిరమ్మ గడపలోనే ఉంది. అంతా విన్నది. ఉన్నది ఒక్క కొడుకు, వాడు బతికుండగా తరిమెన ఆపి చావును పిలుస్తావా అని కోడల్ని కడిగిపారేసింది. నీ చేతుల్లో బలం లేక చెక్క మీద సాకు పెడుతున్నావంది. నీ పుట్టింటివాళ్లంతా ఇంతేనంది.

దేముడమ్మ తాడు విప్పింది. విసిరికొట్టలేదు, చుట్ట చుట్టి కింద పెట్టింది.

“అరిచే తరిమెనకు నేను తాడు పట్టను అత్తా.”

“నువ్వు పట్టకపోతే ఆగిపోద్దనుకున్నావా? నీకు పాలపళ్లు ఊడకముందే లాగాను నేను. కూర్చోరా పైడీ, ఉలి పట్టు.”

ముసలమ్మ కొంగు బిగించి తాడు చుట్టింది. ఒకసారి లాగింది. అరచేతులు జిల్లుమన్నాయి. రెండోసారి లాగింది. అదురు భుజాల దాకా పాకింది. మూడోసారి లాగింది. కట్టె ఊడి పైడయ్య చెవి పక్కనుంచి పోయి, గోడవారనున్న లక్కకుండను ముక్కలు చేసింది.

అసిరమ్మ తాడు వదిలేసింది. కొడుకు మొహాన్ని రెండు చేతులా తడిమింది. ఒక కన్ను. రెండో కన్ను. రెండూ ఉన్నాయి.

“పగలగొట్టరా ఆ గూళ్లు,” అంది.

పైడయ్య పగలగొట్టాడు. చింతచేవ తెచ్చి, కాలిన ఇరుసుతో గుంటలు గుచ్చి ఆముదంలో పడేశాడు. ఇల్లు నిశ్శబ్దమైంది.

మొదటి రోజు పక్కింటామె జుట్టు విరబోసుకుని ఏడుస్తూ వచ్చింది, ఎవరు పోయారని. అసిరమ్మ గడపలో అడ్డంగా కూర్చుని, “ఎవరూ పోలేదు. గూళ్లు అరిగాయి. ఎలాగూ వచ్చావు, అంబలి తాగిపో,” అంది.

రెండో రోజు డప్పు వాయించేవాడు వచ్చాడు. “ఎవరూ పోలేదు. గూళ్లు అరిగాయి. ఎలాగూ వచ్చావు, అంబలి తాగిపో.” వాడు తాగాడు. ఇంత బరువు మోసుకొచ్చి ఊరికే ఎలా పోతానని పెళ్లి దరువొకటి వాయించి మరీ పోయాడు.

మూడో రోజు ఏటి అవతలి చుట్టాలు పడవెక్కి వచ్చారు. మీ మోత వినపడక గుండెలు జారాయన్నారు. అసిరమ్మకు లోపల గర్వమే, పైకి చెప్పలేదు. “ఎవరూ పోలేదు. గూళ్లు అరిగాయి,” అంది. ఇంకో కుండెడు అంబలి పొయ్యి మీద పెట్టింది.

నాలుగోనాడు పొద్దున్నే గూళ్లు బిగించారు. దేముడమ్మ తాడు లాగింది. ఇరుసు తిరిగింది. కిర్రు లేదు, గర్రు లేదు, గడగడ లేదు. ఉలి కట్టెను కోసే సరసర ఒక్కటే. చెక్కపొట్టు తెగకుండా పొడుగ్గా రాలింది. పైడయ్య ఉలి ఎత్తి చుట్టూ చూశాడు.

“ఏరు ఇంత దగ్గరగా ఉందా?” అన్నాడు.

ఆ ఇంట్లో ఏటి చప్పుడు వినపడి ఎన్నేళ్లయిందో. అసిరమ్మ అరుగు మీద ఒరిగి, గురకపెట్టి నిద్రపోయింది. ఆమె పగలు నిద్రపోవడం కోడలు చూడటం అదే మొదలు. కొడుకు పోలేదు. కన్ను పోలేదు. మూడు రోజులు ఆగినా ఏ చావూ రాలేదు. ఊరు అది చూసింది. ఆ నెలలోనే ఒక ఇంటివాళ్లు గూళ్లు పగలగొట్టారు, వెనకే ఇంకో ఇంటివాళ్లు. పక్కింటామె దూది తీసి పారేసింది.

ఏళ్లు గడిచాయి. అసిరమ్మ పోయింది, పైడయ్య పోయాడు, దేముడమ్మా పోయింది. ఆమె పోయిన రోజు తరిమెన ఆగితే, గూళ్లు మారుస్తున్నారనుకుని జనం ముంతలు పట్టుకుని అంబలికి వచ్చారట. వచ్చాక తెలిసింది. అయినా ఆమె పిల్లలు అంబలి కాచి పోశారట.

ఇప్పటికీ అక్కడ వానలు మొదలవగానే తరిమెనలన్నీ మూడు రోజులు ఆపుతారు. గూళ్లు మారుస్తారు, వచ్చినవాళ్లకు అంబలి పోస్తారు. వాటిని దేముడమ్మ మూణ్ణాళ్లు అంటారు. తాడు లాగే మనిషి తాడు కింద పెడితే ఉలి పట్టినవాడు ఎందుకని అడగడు. లేచి గూట్లో వేలు పెట్టి చూస్తాడు.

దేముడమ్మ బతికుండగా ఇంకోమాటు కూడా తాడు కింద పెట్టింది. జమీందారు ఇంటి పెళ్లికి భరిణెలు కావాలని మనుషులొచ్చి వాకిట్లో కూర్చున్నారు. తరిమెన సన్నగా కిర్రుమంది. ఈ ఒక్క పూటకు లాగమని పైడయ్య బతిమాలాడు, వచ్చినవాళ్లు గదమాయించారు. అరిచే తరిమెనకు తాడు పట్టనని ఆమె ఒకసారి అనేసింది. ఆ పూటా పట్టలేదు.