దింపుడు కళ్లం దారి

ఒక ఊళ్లో గవరయ్య అని సెల్లు రిపేరు చేసేవాడు ఉండేవాడు. పాడైన ఫోన్లలోంచి జీపీఎస్ ముక్కలు ఊడదీసి మేకల మెడలో కట్టేవాడు. అవి తిరిగిన దారి మ్యాపులో గీతలై కనిపిస్తే మురిసిపోయేవాడు. "మేకలకే లేని పిచ్చి నీకెందుకయ్యా?" అని భార్య నీలవేణి నవ్వేది.

ఆ నీలవేణి పోయింది. శ్మశానానికి బయల్దేరిన పాడెను కామందు జగ్గునాయుడు తన కొత్త కంచె దగ్గర ఆపేశాడు.

"ఇటు దారెక్కడుందిరా? మ్యాపులో చూసుకోండి!"

గవరయ్య తన ఫోను చూపించాడు. అందులో కంచె దాటి ఎన్నో గీతలున్నాయి.

"అవి నీ మేకలు తిరిగిన గీతలు!"

"కాదు బాబూ. ఊళ్లో ఎవరి పాడె మోసినా ఈ యంత్రం నా జేబులోనే ఉంది. ప్రతి గీతా అదిగో, ఆ తుమ్మచెట్టు దగ్గర కాసేపు ఆగింది. అది మన దింపుడు కళ్లం. ప్రాణం తిరిగొస్తుందేమోనని పాడె దించి, పోయినవాళ్లను చెవిలో పిలిచే చోటు. మేకలు అలా ఆగుతాయా? ఇదిగో, ఈ గీత మీ నాయనగారిది. దారే లేకపోతే ఆయన్ని మనం ఎటు మోసుకెళ్లినట్టు?"

జగ్గునాయుడు తానే వంగి కంచె తీగ విప్పాడు.

తుమ్మచెట్టు కింద పాడె దించారు. గవరయ్య భార్య చెవి దగ్గర "నీలా" అని మూడుసార్లు పిలిచాడు. కామందు నోరు మూయించిన మనిషి, ఈ ఒక్క నోటి నుంచి మాట రాదా అని చాలాసేపు అలాగే వంగి ఉండిపోయాడు.