నూకాలు మాట వినని పొట్ట

ఒకప్పుడు మనిషి పొట్ట చెబితేనే పనిచేసేది. చెప్పకపోతే తిన్నది తిన్నట్టే పెట్టుకుని కూర్చునేది.

కడుపునిండా తిని చెయ్యి కడుక్కుంటే సరిపోయేది కాదు. "పొట్టా, చిలుకు. కార్జమా, పసరు పొయ్. చిన్నపేగూ, సారం లాగి నెత్తురుకి అందించు. పెద్దపేగూ, నీళ్లు పీల్చుకుని పిప్పి బయటికి తోసెయ్" అని వరసగా పురమాయించాలి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే, ఒక్కటి మరిచిపోతే, ఆ పూట తిన్నదంతా దండగే. పసిపిల్లలకి మాటలు రావు కదా, తల్లులే వాళ్ల పొట్ట నిమిరి చెప్పేవారు.

నూకాలుకి ఇద్దరు ఆడపిల్లలు. చిన్నది ఇంకా పాలు తాగే చంటిది. పెద్దది పైడమ్మకి ఆరేళ్లు వచ్చినా ఒట్టి బద్ధకం. "అమ్మా, నా పొట్టకీ నువ్వే సెప్పీ" అని ఒళ్లో వాలిపోయేది. నూకాలు ముందు పైడమ్మ పొట్టకి, తర్వాత చంటిదాని పొట్టకి, చివర తన పొట్టకి చెప్పుకునేది.

ఆ ఏడు వానల్లో పైడమ్మకి జ్వరం వచ్చింది. మూడు రోజులకి పిల్ల పోయింది.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. పక్కింటి నరసమ్మత్త ముంతతో చోడి అంబలి తెచ్చింది.

"తాగే నూకాలూ. సంటిదానికి పాలుండొద్దేటి?"

నూకాలు తాగింది. పొట్టకి చెబుదామని నోరు తెరిచింది. అలవాటు కొద్దీ ముందు పైడమ్మ పేరే వచ్చింది. ఆ పేరు దాటి ఇంకో మాట రాలేదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. అంబలి లోపలే నిలిచి పులిసిపోయింది.

నాలుగో రోజుకి పాలు ఎండిపోయాయి. చంటిది రొమ్ము లాగి లాగి, చివరికి ఏడవడానికీ ఓపిక లేక ఊరుకుంది.

"అమ్మా, ఒక్క మాట చెప్పు" అని పొట్ట బతిమాలింది. "అంబలి నా దగ్గరే ఉంది. ఇప్పుడే చిలికేస్తాను."

"నాకేటీ వద్దు."

"చంటిది పోతుందమ్మా."

"పోతే నానూ పోతాను. ముగ్గురం ఒక్కకాడే ఉంటాం."

పొట్టకి భయం వేసింది. చెప్పకుండా కదలకూడదని అన్ని పొట్టలకీ కలిపి ఒకటే కట్టడి ఉండేది.

"ఒకచోట తెగితే అంతటా తెగిపోతుంది. ఇక ఏ మనిషి మాటా మనకి వినపడదు" అంది చిన్నపేగు. "పైగా ఈవిడ నిన్ను జన్మలో క్షమించదు."

"క్షమించకపోతే మానె" అంది పొట్ట. చిలకడం మొదలుపెట్టింది. కార్జం పసరు పోసింది. చిన్నపేగు సారం లాగి నెత్తురులో కలిపింది. సాయంత్రానికి నూకాలుకి పాలు పడ్డాయి. చంటిది తాగింది. ఎవరూ చెప్పకుండానే దాని పొట్టా అరిగించుకుంది.

కాసేపటికి ఖాళీ అయిన పొట్ట గుర్రుమంది. నూకాలు తన పొట్ట వైపు చూసుకుంది.

"నా పిల్ల మట్టిలో ఉంది. నీకు ఆకలా?" అంటూ పిడికిలితో గుద్దుకుంది. ఆగమంది. ఆగలేదు. దానికి ఆమె మాట వినపడటం లేదు. నూకాలు కుమిలి కుమిలి ఏడ్చి, ముంత అందుకుంది. తాగిన ప్రతి గుక్కకీ తనని తాను తిట్టుకుంటూనే తాగింది.

అప్పటినుంచే పొట్ట మన మాట వినదు. నమలడం, మింగడం వరకే మన చేతిలో ఉన్నాయి. గొంతు దిగాక లోపల జరిగేదేదీ మనల్ని అడిగి జరగదు. పిల్లని సాగనంపి వచ్చి గోడకి జారగిలబడ్డ తల్లి పొట్ట కూడా గుర్రుమంటుంది. ఎవరైనా విన్నారేమోనని ఆ తల్లి సిగ్గుతో చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది.