నీలిబాన కదిపిన పేరిందేవి

ఇంటిల్లిపాదియు చేత అక్షతలు పట్టుకొని, దీపము వంక చూచుచు ఈ కథను వినుడు.

పూర్వము బదరీవనమున మంచు కురియుచున్న యొక ఉదయమున ముద్గల మహర్షి అగ్నికార్యము ముగించుకొని, లోమశ మహర్షి కడకు వచ్చి నమస్కరించి, తన మనసులోని సందేహమును తెలియజేసెను. సంపద కోరువారికి వ్రతములున్నవి, సంతానము కోరువారికి వ్రతములున్నవి. కాని కట్టుకున్నవానిని, కన్నబిడ్డను పోగొట్టుకొని, ఆ దుఃఖముతోనే అత్తింటి వ్యాపారమును మోయవలసి వచ్చిన ఆడుదానికి ఏ వ్రతము కలదని యడిగెను. లోమశుడు, అట్టివారికి నీలగౌరీ వ్రతము కలదనియు, దానిని పేరిందేవి యను వర్తకురాలు ఆచరించి కడతేరెననియు చెప్పి, ఆమె కథను ఇట్లు వినిపించెను.

కృష్ణవేణి సముద్రమును చేరు చోటున ముక్తాపురమను రేవుపట్టణము కలదు. అందు బయ్యనసెట్టి యను వర్తకుడుండెను. నీలిమందుతో బట్టలకు రంగు వేయుట ఆ యింటి వృత్తి. వారి అద్దకపుశాలలో మనిషి దిగి నిలువదగినంత లోతు గల బానలు మెడవరకు నేలలో పాతియుండెను. ఆ శాల బట్ట ఎన్ని ఉతుకులకైనను రంగు దిగదని, ద్వీపాంతరములవారు సైతము ఓడలు పంపి కొనుచుండిరి.

నీలిబానలో గౌరీదేవి కాపురముండునని ఆ యింటివారి నమ్మకము. ప్రతి ఉదయమును బానను గెడతో కదపవలెను. కదపని బాన చచ్చును, అందు రంగు పట్టదు. ఏటేట ఆషాఢమాసమున క్రొత్త బాన పెట్టి, గౌరిని పూజించి, అందు ముంచిన తొలిబట్టను ఆ యేడు చావు జరిగిన ఏదో యొక యింటికి, వారడుగకయే పంపవలెను. పేరిందేవి కోడలుగా వచ్చిన దినముననే అత్తగారు ఆమె చేతికి గెడనిచ్చి ఈ మాటలు చెప్పి యుండిరి.

పేరిందేవి తడిబట్టను చూచియే, అది ఆరిన తరువాత ఏ రంగు తేలునో చెప్పగలిగెడిది. భర్త బేరములకు పోయినపుడు శాల పెత్తనమంతయు ఆమెదే. వారికి రేవమ యను ఒక్కతే కూతురు. పాలపండ్లు ఊడుచున్న ప్రాయము. ముందరి పన్ను ఊడినదగుటచే, నవ్వు వచ్చినపుడెల్ల ఆ చిన్నది చేతితో నోరు కప్పుకొనుచుండెడిది.

ఒకనాడు బయ్యనసెట్టి కూతురిని వెంటబెట్టుకొని, ఏటి ఆవలి లంకలో చుట్టాలింటి పెండ్లికి పడవలో బయలుదేరెను. శాలలో పని తెమలక పేరిందేవి నిలిచిపోయెను. గాలి లేదు, వాన లేదు. ఒడ్డున బట్టలారవేయువారు చూచుచుండగనే పడవ నడియేట నిలువున మునిగిపోయెను. జాలరులు వలలు వేసి వెదకిరి. పడవ బల్లలు దొరకెను. సెట్టి తలపాగా దొరకెను. మనుషులు మాత్రము దొరకలేదు.

పేరిందేవి ఏడువలేదు. ఇరుగుపొరుగు స్త్రీలు ఆమెను పట్టుకొని ఏడ్చిరి. ఆమె మాత్రము వారి చీరల రంగు వంక చూచుచు కూర్చుండెను.

మైల దినములలో శాల మూసియుంచిరి. బానలను కదపువారు లేకపోయిరి. మైల తీరిన మరునాడు పేరిందేవి ఒంటరిగా శాలలోనికి పోయి పెద్దబానపై వంగి చూచెను. కదలని నీటిపై రాగిరేకు వంటి తెట్టె కట్టియుండెను. అందు ఆమె ముఖము కానరాలేదు. రేవమ ముఖము కానవచ్చెను.

బిడ్డ నవ్వుచుండెను. పెదవులు మెదలెను. పెదవులు మూతపడిన చాలసేపటికి బాన అడుగునుండి మాట వినవచ్చెను.

"కదపకమ్మా."

పేరిందేవి గెడను గోడకానించి, తలుపు గడియ వేసెను. నాటినుండి ఏ బానను ఎవరును కదపరాదని ఆజ్ఞ చేసెను. ప్రతిదినమును అన్నము తినుట మరచి అక్కడనే కూర్చుండెను. బిడ్డకు జడ వేసిన మాటలు, పండుగకు కుట్టించిన పరికిణీ మాటలు, అన్నియు చెప్పుచుండెను. ఆషాఢమాసము వచ్చెను. క్రొత్త బాన పెట్టలేదు, గౌరిని పూజింపలేదు, తొలిబట్ట ఏ యింటికిని పోలేదు.

అంతట కీడు మొదలయ్యెను. కదపని బానలలో పనివారు ముంచిన బట్ట ముంచినట్లే తెల్లగా వెలికివచ్చెను. అంతటితో పోలేదు. పెట్టెలలో మడిచియున్న పాతబట్టలకును రంగు విడువజొచ్చెను. ఓడవారు తిరిగివచ్చి, నడిసముద్రమున మూటలు విప్పిచూడగా నీలిచీరలన్నియు శవముపై కప్పు గుడ్డలవలె తెల్లబడి, తడిసి యున్నవని చెప్పిరి. ఊరిలో ఒక పెండ్లిపందిటిలో పీటలపై కూర్చున్న వధువు చీర, చూచుచుండగనే అంచునుండి తెల్లబడెనట. ఆ శాల బట్ట యింటనుండరాదని జనులు వీధిలో పారవేసిరి. బేరములు నిలిచెను. పనివారు ఒక్కొక్కరుగా వెడలిపోయిరి.

బయ్యనసెట్టి తమ్ముడు గుండన వచ్చి, శాలను ఎవరికైన అమ్మివేయుదమని వదినగారిని బ్రతిమాలెను.

"వదినా, బయటికి రండి. లోపల ఎవరితో మాట్లాడుతున్నారు? జనం ఏమనుకుంటున్నారో తెలుసా?"

"మెల్లగా మాట్లాడు, గుండనా. బిడ్డ ఉలిక్కిపడుతుంది" అని లోపలినుండి జవాబు వచ్చెను.

గుండన వెనుదిరిగి పోయెను. అతడు మరల ఆ తలుపు తట్టలేదు.

అద్దకపు పనివారిలో మారమ యను నామె కడదాక నిలిచెను. ఇక పస్తులుండలేక, పొరుగూరికి పోవుచు, సెలవు తీసికొనుటకు తన కూతురితో వచ్చెను. ఆ పిల్ల రేవమ యీడుదే. ఇద్దరును కలిసి గవ్వలాడినవారే. పేరిందేవి తలుపు సందునుండి ఆ పిల్ల ముఖమును చూచి, చటుక్కున బయటికి వచ్చి, గడ్డము పట్టుకొని యడిగెను.

"ఈ పన్ను ఎప్పుడు వచ్చిందే?"

పిల్ల బెదరి తల్లి వెనుక దాగెను. మారమ చెప్పెను.

"పోయిన చలికాలంలో వచ్చిందమ్మగారూ. ఎదిగే పిల్ల కదండీ."

పేరిందేవి లోనికి పోయి బానపై వంగెను. రేవమ నవ్వుచుండెను. పంటి సందు మునుపటివలెనే నల్లగా ఉండెను.

"నీకు పన్నెందుకు రాలేదే?"

"కదపకమ్మా."

"నాన్న ఏరీ? నీతో ఉన్నారా?"

"కదపకమ్మా."

"నీ పేరేమిటో చెప్పు, తల్లీ. ఒక్కసారి చెప్పు."

ముఖము నవ్వుచునే యుండెను. ఇన్నాళ్లును తాను మాటలాడుటయే గాని, అది ఆ యొక్క మాట తప్ప మరేదియు పలుకలేదని పేరిందేవికి అప్పుడు తోచెను. బిడ్డ నవ్వినపుడు నోరు కప్పుకొనెడిది. ఇది కప్పుకొనుట లేదు. ఆమె బాన అంచు విడిచి వెనుకకు జరిగెను.

ఆ సందెవేళ వాకిట ఒక వృద్ధ ముత్తైదువ నిలిచి పిలిచెను. ఆమె చీర నిలువున తడిసియుండెను గాని, నేలపై ఒక్క చుక్కయు రాలుట లేదు.

"ఇంట్లో ఎవరమ్మా? మా ఇంట ఒకరు పోయారు. కప్పడానికి నీలిగుడ్డ ఒకటి కావాలి."

"ఈ ఇంట నీలిగుడ్డ లేదవ్వా. అన్నీ తెల్లబడ్డాయి."

"బాన కదిపి ఎన్నాళ్లయింది?"

పేరిందేవి తల వంచుకొనెను. "అందులో నా బిడ్డ ఉంది" అనెను.

అవ్వ దగ్గరకు వచ్చి ఆమె ముఖమును తేరిపార చూచెను.

"నీ బిడ్డ అక్కడ లేదమ్మా. బిడ్డ కోసం నువ్వు ఏడవకుండా దాచుకున్నావే, ఆ ఏడుపు చేరింది అందులో. అదే నీ బిడ్డ మొహం పెట్టుకుని కూర్చుంది. ఇంకొన్నాళ్లు పోతే నిన్నూ లోపలికి పిలుస్తుంది."

పిమ్మట అవ్వ వ్రతవిధానమును తెలిపెను. ఆషాఢమాసపు శుక్రవారమున తలస్నానము చేసి, పని జరుగు చోటనే నువ్వులనూనె దీపము పెట్టి, పసుపుతో గౌరిని చేసి, నీలి శంఖుపూలతో పూజించి, చిమ్మిలి నైవేద్యము పెట్టవలెను. పోయిన తనవారిని నోరార పేరెత్తి పిలువవలెను. పిమ్మట ఆ యింటి పనిముట్టును స్వహస్తముతో పట్టి పని మొదలుపెట్టి, తొలిఫలమును చావు జరిగిన మరియొక యింటికి తానే తీసికొనిపోయి ఈయవలెను.

పేరిందేవి సంశయించెను. "నేను పసుపు ముట్టకూడదంటారు కదవ్వా."

"అనేవాళ్లు వచ్చి నీ బాన కదుపుతారా? మూసిన శాల తెరుస్తారా? ముట్టుకో తల్లీ. నా పూజకు ఎవరు తగుదురో నాకు తెలియదా?"

ఆ చివరి మాటకు పేరిందేవి ఉలిక్కిపడి తలయెత్తి చూడగా వాకిట ఎవరును లేరు. పొడినేలపై నీలిపాదముల జాడలు శాల తలుపువరకు పోయి, అక్కడ ఆగియుండెను.

మరల ఆషాఢమాసము రాగా, తొలి శుక్రవారమున ఆమె మారమను వెనుకకు పిలిపించి, గుండనను పిలిచి, శాల తలుపులు బార్లా తెరపించెను. విధవ పూజకు కూర్చొనుట తగదని గుండన అడ్డుపడగా, "తప్పయితే నాకే తగులుతుంది. నువ్వు పక్కకు జరుగు, నాయనా" అని ఆమె దీపము వెలిగించి పూజ ముగించెను. గెడ చేతబట్టి పెద్దబాన యొద్ద నిలిచెను. నీటిలో ముఖము నవ్వు మానెను.

"కదపకమ్మా. కదపకమ్మా. కదపకమ్మా."

ఆ మాట ఈసారి శాలలోని బానలన్నిటినుండియు వచ్చెను. గుండన చెవులు మూసికొని గోడకు కరచుకొనిపోయెను. పేరిందేవి, పెండ్లినాటినుండి మగని పేరు నోటనెత్తి యెరుగనిది, ఊరంతయు వినునట్లు అరచెను.

"బయ్యనసెట్టీ! రేవమా! ఓ నా తల్లీ, రేవమా!"

అని గెడ దింపెను. లోపలినుండి ఏదో గెడను పట్టుకొనెను. అది చిన్న చేతిపట్టు. ఆమె లాగలేదు, విడువలేదు. ఆ పట్టు తన అరచేతికి తెలియుచుండగా, పడవ మునిగిన నాటి ఏడుపంతయు ఒక్కసారి పొంగివచ్చి, బానపై పడి వెక్కివెక్కి ఏడ్చెను. కన్నీరు నీటిలో పడుచుండగా పట్టు మెల్లమెల్లగా సడలెను. గెడ కదలెను. ముఖము ముక్కలై సుడిలో కలిసిపోయెను. అడుగునుండి నురుగు పొంగి, క్రొత్త నీలి వాసన శాలంతయు నిండెను.

మారమ బట్ట ముంచి తీసెను. అది పచ్చగా వెలికివచ్చి, గాలి తగులగనే అందరును చూచుచుండగా నీలమయ్యెను. పేరిందేవి ఆ బట్టను తానే మోసికొని, ముందునాడు మగడు పోయిన జాలరి స్త్రీ గుడిసెకు పోయి, ఆమెకు కప్పి, ఆమెతో కూర్చుండి ఏడ్చి వచ్చెను.

నాటినుండి ఆమె భర్త కూర్చుండిన గద్దెపై తానే కూర్చుండి వ్యాపారము నడిపెను. రంగు పోయిన ప్రతి బట్టకు బదులుబట్ట ఇత్తుమని రేవున చాటింపు వేయించెను. పెండ్లిపందిటిలో అవమానపడిన వధువు ఇంటికి తానే పోయి, క్షమింపుమని వేడి, చీర పెట్టి వచ్చెను. మునుపు తిట్టినవారే మరల గడప తొక్కిరి. పనివారు తిరిగివచ్చిరి. ఓడలు రేవు పట్టెను. శాల మునుపటికంటె పెద్దదయ్యెను.

కొన్నేండ్లకు ఆ దేశపు రాజు యుద్ధమున గెలిచి, విజయోత్సవమునకు అంతఃపుర స్త్రీలందరికిని నీలిచీరలు కావలెనని కబురంపెను. అది ఆషాఢమాసము. పేరిందేవి బేరమునకై పొరుగు రేవునకు పోయి యుండెను. గుండన తొందరపడి, పూజ మానివేసి, తొలిబట్టను పేదయింటికి పంపుటకంటె రాణికి పంపుటయే గౌరవమని తలచి, కోటకు పంపెను.

రాణి ఆ చీర కట్టి సభకు నడచివచ్చెను. పొడిచీర అంచునుండి నీలినీరు కారెను. ఆమె నడచిన చలువరాతిపై నీలి అడుగులు పడెను. ఆ అడుగుల ప్రక్కనే, ఎవరును లేని చోట, మరియొక జత అడుగులు పడుచు వచ్చెను. అవి పసిపాదములు. సభికులు భయపడి లేచిరి. రాణి మాత్రము భయపడలేదు. ఆగి, ఆ చిన్న అడుగుల వంకనే చూచుచుండెను. రాజు కోపించి గుండనను చెరలో పెట్టించెను. ముక్తాపురములో బానలన్నియు ఆ గడియనే కుళ్లిపోయెను.

పేరిందేవి కబురు విని పరుగున కోటకు వచ్చి, రాణిని ఏకాంతమున దర్శించెను.

"అమ్మా, తమ ఇంట ఎవరు పోయారు?"

రాణి లేచి తలుపు వేసివచ్చెను. పిమ్మట, యుద్ధమునకు ముందు తన కొడుకు పోయెననియు, అపశకునమని రాజు ఏడుపు వినబడనీయలేదనియు చెప్పెను.

"బిడ్డ పేరేమిటి తల్లీ?"

"ఆ పేరు పలకొద్దన్నారు."

"వద్దన్నవారు బయట ఉన్నారు. ఇక్కడ మనమిద్దరమే."

"కేతన" అని రాణి పలికెను. "నడక అప్పుడే వచ్చింది వాడికి."

పేరిందేవి అంతఃపుర ప్రాంగణముననే బాన పెట్టించి, రాణి చేత నీలగౌరీ వ్రతము చేయించెను. రాణి పేరెత్తి పిలిచి గెడ కదుపుచుండగా, ఆ పిలుపు విని రాజు వచ్చి, కిరీటము తీసి, నేలపై చతికిలబడి ఏడ్చెను. చలువరాతిపై పసి అడుగులు దీపము దాక నడచి, అక్కడ మాయమయ్యెను. రాజు గుండనను విడిపించి సన్మానించెను. గుండన వదినగారి కాళ్లకు మ్రొక్కి, తాను బ్రతికియున్నంతకాలము తొలిబట్టను తానే మోసెను. శాల మరల కళకళలాడెను. పేరిందేవి తన పనివారిని కన్నబిడ్డలవలె చూచుకొనుచు, పండు ముదుసలియై, శాలలో రంగులు పరీక్షించుచునే గౌరీసాన్నిధ్యము పొందెను.

అని లోమశ మహర్షి చెప్పగా, ముద్గలుడు కన్నులు తుడుచుకొని, పోయినవారు ఈ వ్రతముచే తిరిగివత్తురా యని యడిగెను. రారని లోమశుడు చెప్పెను.

కావున మగని పోగొట్టుకొన్నవారు, బిడ్డను పోగొట్టుకొన్నవారు, తల్లిదండ్రులు పోగా వారి అంగడి తలుపు తెరువ మనసు రానివారు, సువాసినులు, విధవలు, పురుషులు, భేదము లేక ఈ వ్రతమును చేయవచ్చును. చేసినవారి యింట మూతబడిన పని తెరచుకొనును. వేసిన రంగు నిలుచును. వారిని నమ్ముకొన్నవారికి అన్నము దొరకును. నిలువ నీటిలో, అద్దములో, ఖాళీ గదిలో వారిని ఎవరును పిలువరు.

కథ విన్నవారు అక్షతలు శిరస్సున ధరింపుడు. మీలో ఎవరు ఎవరిని పోగొట్టుకొన్నారో, వారి పేరు ఇప్పుడు, ఈ దీపము ముందర, పైకి పలుకుడు. సిగ్గుపడకుడు. పలికి, కన్నీరు వచ్చినచో రానిచ్చి, లేచి, ఎవరి పనిలో వారు చేయి పెట్టుడు.