ఉండ కట్టిన ఇనుము

చిదంబరం మేష్టారికి ప్రశ్న వేస్తే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాడికే ఏదో ఒక పని పురమాయించేవారు. కొండను తొలిచి నీళ్ళు మళ్ళించే సొరంగంలో లోపలి కాంక్రీటు గోడ కట్టే విద్యను ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళందరికీ ఇది అనుభవమే. ఇంతకన్నా నాలుగు తిట్లు తిట్టినా బాగుండునని వాళ్ళు అనుకునేవారు.

ఆయన శిష్యుల్లో ఓబులేసు ముఠా పేరు మోసింది. ఆ ఆరుగురూ ఒకే కంచం, ఒకే మంచం అన్నట్టు ఉండేవారు. ఒకసారి పైనుంచి రాయి జారుతుంటే, వాళ్ళలో ఒకడైన మస్తాన్ వేసిన కేక వల్లే ఓబులేసు బతికి బయటపడ్డాడు. అలాంటి ముఠాను విడదీసి, కొత్తగా వచ్చిన కూలీల జట్లలోకి ఒక్కొక్కరిని పంపుతున్నట్టు మేష్టారు చెప్పేసరికి ఓబులేసు ప్రాణం ఉసూరుమంది.

"కలిసుంటేనే గదా సార్ బలం? మమ్మల్నెందుకు చెదరగొడతా ఉండారు?" అని అడిగాడు.

మేష్టారు రెండు కాంక్రీటు పలకలు పోయమన్నారు. కాంక్రీటు చీలినా ఊడిపడకుండా ఉండడానికి అందులో సన్నని ఇనుప పోగులు కలుపుతారు. మొదటి పలకకు వాటిని ఎప్పటిలాగే కొద్దికొద్దిగా చల్లించారు. రెండోదాని దగ్గరకు వచ్చేసరికి, "సంచి ఒక్కసారే దిమ్మరించు" అన్నారు.

"ఉండ కడతాయి సార్."

"కట్టనీ."

పలకలు గట్టిపడ్డాక ఇద్దరూ వాటిమీద యంత్రంతో బరువు మోపారు. మొదటిది నడిమికి చీలింది గానీ విడిపోలేదు. చీలికకు అడ్డంగా పోగులు రెండు వైపులనూ పట్టుకుని నిలిచాయి. రెండోది ఫెళ్ళున రెండు ముక్కలైంది. మేష్టారు ఆ ముక్కల్ని సుత్తితో పగలగొట్టించారు. ఇనుమంతా ఒక మూల పిచ్చుక గూడులా ముద్దకట్టి ఉంది. అందులో ఒక్క పోగైనా వంగలేదు.

ఓబులేసు ఆ ముద్దను చేతిలోకి తీసుకుని వేలుపెట్టి లాగి చూశాడు. ఒక్కటీ ఊడిరాలేదు. అతనికి ఏడుపొచ్చినంత పనయింది, అర్థం కాక కాదు.

"మస్తాన్‌నైనా నాకాడ ఉండనీండి సార్" అన్నాడు చివరికి.

మస్తాన్ కేక సంగతి మేష్టారికీ తెలుసు.

"ఈసారి రాయి ఎక్కడ జారుతుందో నాకు తెలిస్తే, మీ ఆరుగుర్నీ అక్కడే నిలబెట్టేవాణ్ణి ఓబులేసూ" అన్నారు.