బుడ్డోడి పదహారు చెంచాలు

గెడ్డవలసలో తవిటమ్మ ఇంటివాళ్ళకి మహా గర్వం. డబ్బు చూసుకుని కాదు, పొలం చూసుకుని కాదు, తెలివి చూసుకుని.

"ఊళ్ళోవాళ్ళకి ఒకటి చెబితే ఇంకోటి చేస్తారు. మా ఇంట్లో ఆ పప్పులుడకవు. చెప్పింది చెప్పినట్టే. అక్షరం పొల్లుపోదు" అనేది తవిటమ్మ, కొప్పు సవరించుకుంటూ.

అబద్ధం కాదు. ఆ మధ్య పశువుల డాక్టరొచ్చి, "ఆవు ఈనే రోజులు. దానిమీద ఓ కన్నేసి ఉంచండి" అని చెప్పి వెళ్ళాడు. అంతే. ఇంటిల్లిపాదీ ఒక కన్ను గట్టిగా మూసుకుని, రెండోది ఆవు మీద వేసి కూర్చున్నారు. తవిటమ్మ మొగుడు అప్పలసూరి అలా ఒంటికన్నుతోనే నడిచి, నూతిగట్టుకి గుద్దుకుని ముందుపన్ను రాలగొట్టుకున్నాడు. "పన్ను పోతే పోయింది, ఆవు మీంచి కన్ను మాత్రం తియ్యలేదు" అని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

అలాంటి ఇంట్లో తవిటమ్మ కొడుకు పోలయ్యకీ, కోడలు గౌరికీ మగపిల్లాడు పుట్టాడు. పేరు దగ్గర నలుగురూ నాలుగు దారులు పట్టడంతో, తేలేదాకా బుడ్డోడనే పిలుస్తున్నారు. తల్లిపాలు తాగి గుమ్మడికాయలా ఉన్నాడు. అయితే ఆరు నెలలు నిండేసరికి వాడి చూపు మారింది. ఎవరు ముద్ద ఎత్తినా, కంచంలోంచి నోటిదాకా ముద్దతోపాటు వాడి కళ్ళూ వెళ్ళేవి. చొంగ బొట్లు బొట్లుగా కారేది. అది చూసి తవిటమ్మ ప్రాణం ఉసూరుమనేది. మనవడు అడుగుతున్నాడు, పెట్టడానికి తనకి తెలీడం లేదు.

టీకాల రోజున నర్సు నాగరత్నం వచ్చింది. బుడ్డోణ్ణి ఎత్తి చూసి, "తవిటమ్మా, వీడికిక తల్లిపాలొక్కటే చాలవు. పాలు మాన్పించొద్దు, అవి ఇస్తూనే ఉండాలి. మంచిరోజు చూసి అన్నం ముట్టించండి" అంది.

"నువ్వు చెప్పావు, మేం చేసేశాం అనుకో నర్సమ్మా" అంది తవిటమ్మ.

మంచిరోజు రానే వచ్చింది. గౌరి అన్నం వండి వాకిట్లో పెట్టింది. తవిటమ్మ లోపలికెళ్ళి అగ్గిపెట్టె తెచ్చింది.

"అగ్గిపెట్టె దేనికే?" అన్నాడు అప్పలసూరి.

"మరి దేంతో ముట్టిస్తావు? పొయ్యి దేంతో ముట్టిస్తున్నాం? నీ చుట్ట దేంతో ముట్టిస్తున్నావు?"

"అదీ నిజమే" అని అప్పలసూరి పుల్ల గీసి అన్నానికి పెట్టాడు. అంటుకోలేదు. పది పుల్లలు అయ్యాయి. అన్నం చలించలేదు.

"తడిగా ఉంది నాన్నా" అన్నాడు పోలయ్య. చేటలో పోసి ఎండబెట్టారు. మళ్ళీ గీశారు. ఊహూఁ.

"అత్తా, కాస్త కిరసనాయిలు పోస్తేనో?" అంది గౌరి.

"నా కోడలు బంగారం!" అని తవిటమ్మ మెటికలు విరిచింది.

ఇంకేముంది! గ్లాసుడు కిరసనాయిలు పడేసరికి అన్నం భగ్గుమంది. చేట అంటుకుంది. చేట మీంచి మంట పందిట్లో తాటాకుకి ఎగబాకింది. గౌరి చంకలోంచి బుడ్డోడు కేరింతలు కొడుతున్నాడు. పక్కింటి జగ్గునాయుడు పరుగున వచ్చి, తొట్టెడు కుడితీ ఎత్తి అందరి మీదా కుమ్మరించాడు.

"ఏంటి వదినా ఇది?" అన్నాడు రొప్పుతూ.

"ఏముంది మరిదీ, మనవడికి అన్నం ముట్టించాం" అంది తవిటమ్మ. కనుబొమ్మలు కాలిపోయినా మొహంలో కళ తగ్గలేదు.

"ఓరి నాయనో! ముట్టించడమంటే నిప్పు పెట్టడం కాదు వదినా. పిల్లాడికి అన్నం తగిలించడం. అంటే..." అంటుండగానే పొగకి దగ్గు ముంచుకొచ్చింది. దగ్గుకుంటూ వెళ్ళిపోయాడు.

అంతే. మళ్ళీ అన్నం వండారు. తగిలించమన్నాడు సరే, ఎక్కడ తగిలించాలి? చెప్పలేదు కాబట్టి ఎక్కడా వదలకూడదని తవిటమ్మ తేల్చింది. అరికాళ్ళ దగ్గర మొదలుపెట్టారు. మోకాళ్ళు, బొడ్డు, చంకలు, వీపు, చెవుల వెనక, మాడు మీద, ఒక్క మెతుకు కింద పడకుండా మెత్తారు. తీరా నోటి దగ్గరికొచ్చేసరికి అన్నం అయిపోయింది.

బుడ్డోడిప్పుడు తెల్లగా, ముద్దగా, కమ్మగా ఉన్నాడు. ఆ సంగతి కోళ్ళకి తెలిసింది. ముందు రెండొచ్చాయి, తర్వాత ఎనిమిది, ఆ తర్వాత వీధి వీధంతా. పోలయ్య కొడుకుని నెత్తిన పెట్టుకుని పరుగు లంకించుకున్నాడు. వెనక కోళ్ళు, కోళ్ళ వెనక తవిటమ్మ. పరుగు పరుగున వెళ్ళి నాగరత్నం గుమ్మంలో పడ్డారు.

నాగరత్నం పిల్లాణ్ణి నీళ్ళతో కడిగి, తుడిచి, పోలయ్యకి ఒక్కో మాటా విడమరిచి చెప్పింది. "ముట్టించడమంటే తినిపించడమయ్యా. బియ్యం, పెసరపప్పు మెత్తగా ఉడికించండి. జావ జారుగా ఉండాలి. మొదటి వారం రెండు చెంచాలు పెట్టండి. రెండో వారం నాలుగు. అలా పెంచుకుంటూ పోండి."

ఇంటికొచ్చి జావ కాచారు. జారుగా ఉందో లేదో తెలిసేదెలా? తవిటమ్మ కాసేపు ఆలోచించింది. గిన్నెడు జావా గుమ్మంలో పోసింది.

"ఏమయ్యా, ఓసారిలా వచ్చిపో!"

అప్పలసూరి వచ్చాడు. కాలు పెట్టడమే తరువాయి, జర్రుమని జారి, వసారా దాటి, వాకిలి దాటి, ఆవు నాలుగు కాళ్ళ మధ్య తేలాడు.

"జారుగానే ఉందే!" అని అక్కణ్ణుంచే కేకేశాడు.

"హమ్మయ్య, జావ పని అయింది. ఇక చెంచాలు పెట్టండి" అంది తవిటమ్మ.

పోలయ్య రెండు చెంచాలు తెచ్చి బుడ్డోడి ముందు పెట్టాడు. వాడొకటి అందుకుని నోట్లో పెట్టుకున్నాడు. చీకాడు, నాకాడు, నేలకేసి కొట్టాడు. "తింటున్నాడు, తింటున్నాడు!" అని నలుగురూ చప్పట్లు చరిచారు. రెండో వారం నాలుగు పెట్టారు. మూడో వారం ఎనిమిది. నాలుగో వారం ఇంట్లో చెంచాలు చాలక జగ్గునాయుడి ఇంట్లోంచి తెచ్చి పదహారు చేశారు. ఆ మోత పక్క వీధికి వినిపించేది. జగ్గునాయుడింట్లో పప్పు కర్రముక్కతో వడ్డించుకున్నారు.

ఎన్ని చెంచాలు పెట్టినా, ఎవరైనా ముద్ద ఎత్తితే బుడ్డోడి కళ్ళు మాత్రం ఆ ముద్ద వెంటే వెళ్ళేవి. "పదహారు పెడుతున్నా వీడి ఆకలి తీరదేంటే?" అని తవిటమ్మకి బెంగ పట్టుకుంది.

నాగరత్నం మళ్ళీ వచ్చింది. "ఎలా తింటున్నాడు మనవడు?"

"ఈ పూట పదహారు చెంచాలు నర్సమ్మా."

"పదహారా!" నాగరత్నం గుండె మీద చెయ్యేసుకుంది. "అమ్మో, ఒక్కసారే అంతా? అరిగాయా?"

"ఎక్కడమ్మా! ఒక్కటీ అరగలేదు. ఆరు స్టీలువి, పది ఇత్తడివి. వాడు మాత్రం ఎంతని నాకుతాడు? జగ్గునాయుడిది ఒకటి కాస్త వంగింది, అంతే."

నాగరత్నం కొంగు బిగించి, తనే పొయ్యి దగ్గర కూర్చుని జావ కాచింది. బుడ్డోణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చెంచా అంచున కొంచెం తీసి నోటికందించింది. వాడు మొహం చిట్లించాడు. నాలిక ఆడించాడు. చటుక్కున కళ్ళు పెద్దవి చేసి ఇంకా ఇంకా అన్నట్టు నోరు తెరిచాడు.

"అత్తా, చూశావా? చెంచా లోపల పెట్టి మళ్ళీ బయటికి తీసేసింది!" అంది గౌరి ఆశ్చర్యంగా.

"చదువుకున్నవాళ్ళ పద్ధతి" అంది తవిటమ్మ.

"ఇవాళ్టికి ఇంతే. కొత్తది ఏది పెట్టినా మూడు రోజులు చూడండి" అని నాగరత్నం వెళ్ళిపోయింది.

అంతే. బుడ్డోణ్ణి మధ్యలో కూర్చోబెట్టి, చుట్టూ నలుగురూ కూర్చుని చూడ్డం మొదలుపెట్టారు. పొలానికి నీళ్ళు లేవు, ఆవుకి గడ్డి లేదు. గౌరి పాలిచ్చేటప్పుడూ చూపు తిప్పలేదు. రెండో రోజు జగ్గునాయుడు చెంచాల కోసం వచ్చి, కొయ్యబారి కూర్చున్న అప్పలసూరిని చూసి, "అన్నా! చెప్పకుండానే వెళ్ళిపోయావా!" అని గొల్లుమన్నాడు.

"ఉష్! చూస్తున్నాం" అన్నాడు అప్పలసూరి, రెప్ప వెయ్యకుండా.

బుడ్డోడికి జావ రుచి తెలిసిపోయింది. పిచ్చుకపిల్లలా ప్రతివాళ్ళ వైపూ తిరిగి నోరు తెరుస్తున్నాడు. పెట్టమని నర్సమ్మ చెప్పలేదు, చూడమంది. మూడో రోజుకి తవిటమ్మ కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. రెప్ప వెయ్యకపోవడం వల్లో, ఆ తెరిచిన నోరు చూసో, ఆవిడకే తెలీలేదు. జీవితంలో మొదటిసారి చెప్పిన పని మధ్యలో వదిలేసి, చెప్పుల్లేకుండా నాగరత్నం దగ్గరికి పరుగెత్తింది.

"వాడు నోరు తెరుస్తున్నాడు నర్సమ్మా. మేం చూస్తున్నాం. ఇక నావల్ల కాదు."

నాగరత్నానికి కోపం రాలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, "చూసింది చాలమ్మా. చెంచాతో జావ పెట్టు. చెంచా బయటికి తియ్యి. నోరు తెరిస్తే పెట్టాలి. నోరు మూస్తే ఆపాలి. తల తిప్పుకుంటే బలవంతం చెయ్యకూడదు. ఇంతే" అంది.

తవిటమ్మ ఆ మాట దారంతా జపం చేసుకుంటూ వచ్చి, జావ కాచి, పెట్టింది. బుడ్డోడు తిన్నాడు. బుగ్గలకి పూసుకుని, ముక్కుకి పూసుకుని, చప్పరించుకుంటూ కప్పు జావా తిన్నాడు. తిని, తల తిప్పేసుకుని, నవ్వాడు. తవిటమ్మ వాణ్ణి గుండెకి హత్తుకుని ఏడ్చేసింది.

అక్కడితో ఊరుకుంటే వాళ్ళు ఆ ఇంటివాళ్ళెలా అవుతారు?

"అమ్మా, నోరు తెరిస్తే పెట్టమంది కదా. ఎవరు తెరిస్తే?" అని పోలయ్యకి అనుమానం వచ్చింది.

"పేరు చెప్పలేదురా."

"అయితే అందరికీ అన్నమాట" అని అప్పలసూరి ఆవలించాడు. అంతే, నోట్లో చెంచాడు జావ పడింది. "ఇదేంటే" అనబోయాడు, ఇంకో చెంచా. గౌరి తుమ్మబోతే ఒకటి, పోలయ్య నవ్వబోతే ఒకటి. ఆ ఇంట్లో మాట్లాడ్డం మానేశారు. జగ్గునాయుడు వచ్చి, "వదినా, మా చెం..." అన్నాడు. మింగాడు. "మా చెంచా..." మళ్ళీ మింగాడు. కడుపు నిండిపోయి, చెంచాలు లేకుండానే వెళ్ళిపోయాడు.

ఆ నెల నాగరత్నం తూకం పట్టుకుని వచ్చింది. "బాగున్నారా" అనేలోగా ఒక చెంచా. "ఆపండి!" అనేసరికి రెండు. "తవిటమ్మా!" అని అరిచేసరికి అప్పలసూరి గరిటే ఎత్తాడు. నాగరత్నానికి తట్టింది. టక్కున నోరు మూసింది. ఆపేశారు. తల తిప్పుకుంది. బలవంతం చెయ్యలేదు. మూతి తుడుచుకుని, కిక్కురుమనకుండా బుడ్డోణ్ణి తూచింది. వాడు నిక్షేపంలా బరువు పెరిగాడు.

వెళ్ళేముందు ఇంకొక్క మాట చెప్పక తప్పదు. వాకిట్లో నిలబడి చాలాసేపు ఆలోచించింది. ఇందులో నిప్పు లేదు, జారుడు లేదు, చెంచా లేదు, చూడ్డం లేదు. ఇక భయం లేదనుకుని, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని గబగబా చెప్పింది. "రేపట్నుంచి వాణ్ణీ మీ బంతిలో కూర్చోబెట్టి, మీరు తినేదే కారం లేకుండా మెత్తగా పిసికి పెట్టండి." చెప్పి, వెనక్కి చూడకుండా నడిచింది.

"బంతిలో ఎలా పడతాడు?" అన్నాడు పోలయ్య, పిడికిలి గుండ్రంగా పట్టి చూపిస్తూ. "వీడి మడమ కూడా పట్టదు."

"ఆడుకునే బంతి కాదురా మొద్దూ, బంతిపూలు!" అంది తవిటమ్మ. "జగ్గునాయుడి పెరడంతా బంతే. అక్కడ కూర్చుందాం పదండి."

"అత్తా, అది వాళ్ళ బంతి. నర్సమ్మ మీ బంతిలో అంది" అని గౌరి గుర్తుచేసింది.

"అదీ తెలివంటే!" అని అందరూ మెచ్చుకున్నారు. మరి వాళ్ళకి బంతి లేదే? లేకపోతే వేసుకోవాలి. ఇంకేముంది, పోలయ్య గునపం తెచ్చి నట్టింట్లో నేల తవ్వాడు. అప్పలసూరి విత్తనాలు చల్లాడు. గౌరి నీళ్ళు పోసింది. ఆ మడిలో బుడ్డోణ్ణి కూర్చోబెట్టి, వాడి పక్కన వరసగా నలుగురూ కూర్చుని, కంచాల్లో పప్పన్నం మెత్తగా పిసికి ముందు పెట్టుకుని, మొక్క లేచి పువ్వు పూసేదాకా కదలకూడదని చేతులు కట్టుకున్నారు.

బుడ్డోడు వాళ్ళ మొహాలు చూశాడు. మడి చూశాడు. ముందుకి వంగి, బురద చేత్తోనే నాయనమ్మ కంచంలోంచి పిడికెడు పప్పన్నం తీసుకుని నోట్లో కుక్కుకున్నాడు.

తవిటమ్మ కంచం గబుక్కున ఇవతలికి లాక్కుంది. "ఆగరా నా తండ్రీ, అప్పుడేనా? ఇంకా మొలకైనా రాలేదు!"