చినమల్లుడి ఇసక లెక్క

అనగనగా గవ్వలకోటలో ఒక రాజు. ఊ కొట్టండర్రా, మీరు ఊ కొడితేనే రాజు కదిలేది! ఆయన పేరు కేతుమల్లుడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ధీరమల్లుడు, నడిమివాడు రణమల్లుడు, చివరివాడు చినమల్లుడు.

గవ్వలకోటలో ఒక వింత ఆచారం ఉండేది. సభలో ఎవరైనా లెక్క అడిగితే, వాళ్ళ మాట పూర్తికాకముందే జవాబు చెప్పెయ్యాలి. అలా చెప్పినవాడి మెడలో పూలదండ పడేది. పెద్దవాడు సగం మాటకే చెప్పేవాడు. నడిమివాడు ముప్పాతిక మాటకి చెప్పేవాడు. చినమల్లుడు మాత్రం మాట మొత్తం వినేవాడు, ఇసకలో రాసేవాడు, అప్పుడు లెక్క కట్టేవాడు. ఈలోగా దండ ఇంకొకరి మెడలో పడిపోయేది. "వీడికి నత్త దగ్గర చదువు చెప్పించారేమో!" అని సభంతా నవ్వేది. రాజుగారు తల దించుకునేవారు. పాపం, కన్నతండ్రి కదా, ఆయనకూ చిన్నతనంగానే ఉండేది.

అలా ఉండగా ఏడు సముద్రాల అవతల ఉండే కరాళుడనే మాంత్రికుడు, పొరుగు రాజుగారి కూతురు పున్నాగవల్లిని ఎత్తుకుపోయాడు. విడిపించుకొస్తానని పెద్దవాడు వెళ్ళాడు. తిరిగి రాలేదు. నడిమివాడు వెళ్ళాడు. తిరిగి రాలేదు. ఇద్దరూ మాంత్రికుడి తోటలో రాళ్ళై నిలబడ్డారని ఓడవాళ్ళు కబురు తెచ్చారు.

"నేను వెళతాను నాన్నా" అన్నాడు చినమల్లుడు.

"అంత చురుకైనవాళ్ళే రాళ్ళైపోయారు. నువ్వేం చేస్తావురా?"

"అన్నయ్యల్ని తీసుకొస్తాను నాన్నా. కాస్త ఆలస్యమైతే కంగారుపడకండి."

సముద్రపు ఒడ్డున ఒక పెద్ద తాబేలు కంటతడి పెట్టుకుని కూర్చుంది. "ఏమైంది తాబేలమ్మా?" అని అడిగాడు.

"ఐదు గుంటలు తవ్వాను నాయనా. గుంటకి పన్నెండు చొప్పున గుడ్లు పెట్టాను. తొమ్మిదింటిని నక్క ఎత్తుకుపోయింది. ఏభై పిల్లలు నీళ్ళలోకి దిగాయి. ఇంకా ఏవైనా మిగిలాయో లేదో తెలియక కదల్లేకుండా ఉన్నాను."

చినమల్లుడు మాట మొత్తం విన్నాడు. ఇసకలో రాశాడు. అప్పుడు లెక్క కట్టాడు. గుంటకి ఇన్ని చొప్పున అంటే హెచ్చవేత. ఎత్తుకుపోయింది అంటే తీసివేత.

5 × 12 − 9

"ఐదు పన్నెండ్లు అరవై. తొమ్మిది పోతే ఏభై ఒకటి. ఇంకొక బిడ్డ ఉందమ్మా!" అంటూ ఇసక తవ్వాడు. అడుగున ఒక బుల్లి తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. దాన్ని తిప్పి నీళ్ళలో వదిలాడు. తల్లి తాబేలు సంతోషం పట్టలేక అతణ్ణి వీపు మీద ఎక్కించుకుని, ఒక సముద్రం, రెండు సముద్రాలు, ఏడు సముద్రాలూ దాటించేసింది.

మాంత్రికుడి తోట చుట్టూ కందకం. కందకంలో మొసలి.

"మొసలి మామా, అవతలికి దాటిస్తావా?"

"నా వయసెంతో నాకే తెలీదల్లుడూ. అది చెబితే దాటిస్తాను. మా అమ్మ వయసులో సగానికి నాలుగు తక్కువ నాది. మా అమ్మకి అరవై."

చినమల్లుడు మాట మొత్తం విన్నాడు. మట్టిలో రాశాడు. అప్పుడు లెక్క కట్టాడు. అరవై అనేది మాటల్లో ఆఖర్న వచ్చింది. అయితేనేం, రాతలో దాని చోటు ముందే.

60 ÷ 2 − 4

"ఇరవై ఆరు మామా!"

"అబ్బో, ఇంకా కుర్రాణ్ణేనన్నమాట!" అని మురిసిపోయి మొసలి దాటించింది.

తోటలో ఎటు చూసినా పంజరాలే. ఒక్కొక్కదానికీ ఒక్కొక్క అంకె రాసి ఉంది. వాటి మధ్య రాళ్ళై నిలబడ్డారు అన్నలిద్దరూ. చినమల్లుడు పెద్దన్న చెయ్యి తాకి చూశాడు. చల్లగా ఉంది. వాడికి ఏడుపు ఆగలేదు.

చెట్టుకి కట్టేసి ఉన్న పున్నాగవల్లి గుసగుసగా అంది. "కరాళుడి ప్రాణం ఒక చిలకలో ఉంది. అది ఏ పంజరంలో ఉందో వాడే లెక్కగా చెబుతాడు. అవకాశం ఒక్కసారే. తప్పు పంజరం తెరిస్తే రాయైపోతారు. మీ పెద్దన్నగారు ఎనభై ఎనిమిదో పంజరం తెరిచారు, నడిమివారు ఎనభయ్యోది."

ఇంతలో కరాళుడు వచ్చాడు. "గవ్వలకోట వాడివేనా? మీవాళ్ళంటే నాకెంతిష్టమో! విను. తోటలో ఖాళీ పంజరాలు పోగా ఎన్ని మిగులుతాయో, ఆ అంకె పంజరంలోనే నా ప్రాణం ఉంది. మొత్తం పంజరాలు నూరు. ఒక కొమ్మకి ఎనిమిది ఇత్తడివీ, నాలుగు రాగివీ ఖాళీగా వేలాడుతున్నాయి..."

అని ఆగాడు. పెద్దవాడు ఇక్కడే అరిచేశాడు మరి! చినమల్లుడు కదల్లేదు.

"...అలాంటి కొమ్మలు మూడు. ఊఁ, చెప్పు! మీ ఊళ్ళో ఇంత ఆలస్యం చేస్తే పరువు పోదూ?"

నడిమివాడు ఇత్తడివి వినగానే ఎనిమిదీ తీసేశాడు. మూడు కొమ్మలనే మాట వచ్చేసరికి రాగివే మిగిలాయి, వాటినే మూడు రెట్లు చేశాడు. తొందర ఎంత పని చేసిందో చూశారా!

చినమల్లుడు మాట మొత్తం విన్నాడు. మట్టిలో రాశాడు. 100 − 8 + 4 × 3 అని రాసి చూసుకున్నాడు. "అయ్యో, రాగివి తీసెయ్యాల్సింది పోయి కలిపేస్తున్నానే!" అని చెరిపేశాడు. ఒక కొమ్మవి ఒక్క జట్టు, విడదీయకూడదు. అందుకని కోడిపిల్లల్ని గంప కింద మూసినట్టు, ఎనిమిదికీ నాలుక్కీ అటొక వంపుగీత, ఇటొక వంపుగీత గీసి మూసేశాడు.

100 − (8 + 4) × 3

అప్పుడు లెక్క కట్టాడు. గంప కింద పన్నెండు. మూడు పన్నెండ్లు ముప్పై ఆరు. నూరులో ముప్పై ఆరు పోతే అరవై నాలుగు.

చినమల్లుడు లేచి అరవై నాలుగో పంజరం తలుపు తీశాడు. పచ్చని చిలక ఒకటి రివ్వున ఆకాశంలోకి ఎగిరిపోయింది. కరాళుడు "ఆగు! ఆగు!" అంటూనే బూడిదై రాలిపోయాడు. పున్నాగవల్లి కట్లు తెగాయి. రాళ్ళు కళ్ళు తెరిచాయి.

గవ్వలకోటకి తిరిగి వచ్చాక నిండు సభలో రాజుగారు పెద్దకొడుకుని పట్టాభిషేకానికి పిలిచారు. ధీరమల్లుడు సింహాసనం మెట్టు దగ్గరే ఆగిపోయాడు.

"నాన్నా, రాయినై నిలబడి అంతా చూశాను. తమ్ముడు గీసిన గీత గీతా చూశాను. వాడు మూడు కొమ్మల మాటదాకా ఆగినప్పుడు నా తప్పేంటో తెలిసింది. అరవై నాలుగో పంజరం వైపు వాడు నడుస్తుంటే, 'వీడు నా తమ్ముడు!' అని అరవాలనిపించింది. నోరు లేదు. ఇప్పుడు ఉంది." అని సభకి తిరిగి, గొంతెత్తి అరిచాడు. "వీడు నా తమ్ముడు! వీడే మన రాజు!"

కేతుమల్లుడు కిరీటం తీసి తన చేత్తోనే చినకొడుకు తలమీద పెట్టాడు. ఆ వేళ రాజుగారు తల దించుకోలేదర్రా, ఛాతీ ఉప్పొంగిపోయింది.

చినమల్లుడికీ పున్నాగవల్లికీ అంగరంగ వైభవంగా పెళ్ళైంది. ఎవరు ఏ మొర చెప్పుకున్నా ఆఖరి మాటదాకా విని, చల్లగా చాలాకాలం రాజ్యమేలారు. కథ కంచి దారి పట్టింది. ఇక మీరు కాళ్ళు కడుక్కుని అన్నాలకి రండి.