పక్కింటి నిప్పు

సింహాసనం కోసం రాజుగారి కొడుకులిద్దరూ కత్తులు దూసిన కాలంలో, రేగులమిట్ట అనే ఊళ్లో సూరాంబ అనే ఆవిడ ఉండేది. ఎదుటివాళ్లు ఏ పక్షమో తేలందే గుక్కెడు మంచినీళ్లు కూడా ఇచ్చేది కాదు. ఆవిడ కొడుకు పెద్ద రాకుమారుడి సైన్యంలో ఉండేవాడు. పక్కింటి గౌరమ్మ భర్త చిన్న రాకుమారుడి సైన్యంలో ఉండేవాడు. ఆంబోతులు కుమ్ముకుంటే లేగదూడలు నలిగినట్టు, ఊరు ఊరంతా నలిగిపోయేది.

అప్పట్లో అగ్గిపెట్టెలు ఎక్కడివి? పొయ్యి ఆరితే పిడక పట్టుకుని పక్కింటికి వెళ్లి నిప్పు తెచ్చుకోవడమే. ఒక వానాకాలం ఉదయం గౌరమ్మ అలాగే వచ్చింది.

"వదినా, పిల్లలకి గంజి కాయాలి. కాస్త నిప్పు ఇవ్వవూ?"

"మీ ఆయన మా వాడి మీదకి ఈటె పట్టుకుని వస్తుంటే, నీకు నిప్పు నేనివ్వాలా? వెళ్లు, వెళ్లు!" అంది సూరాంబ.

గౌరమ్మకి కళ్లనీళ్లు తిరిగాయి. కానీ ఏడుస్తూ కూర్చుంటే గంజి కాగుతుందా? వానలో తడుస్తూ ఊరి బయట ఇటుక బట్టీకి వెళ్లి, కుండలో నిప్పులు తెచ్చుకుంది. ఆనాటి నుంచి తన పొయ్యి ఆరనివ్వలేదు.

కొన్నాళ్లకి చిన్న రాకుమారుడి సైన్యం ఊరిని పట్టుకుంది. భటులు పెద్ద రాకుమారుడి పక్షం వాళ్ల ఇళ్లలో పొయ్యిలన్నీ నీళ్లు పోసి ఆర్పేశారు. "వీళ్లకి నిప్పు ఇచ్చినవాళ్లకి కొరడా దెబ్బలు!" అని దండోరా వేయించారు.

సరిగ్గా ఆ మర్నాడే సూరాంబ కోడలు ప్రసవించింది. హోరుమని వాన. పసివాడి ఒళ్లు చల్లబడిపోతోంది. సూరాంబ పరుగున వెళ్లి గౌరమ్మ గుమ్మంలో నిలబడింది. ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది పాపం!

"మనవడు... చల్లబడిపోతున్నాడే గౌరీ!" అంది ఎలాగో.

గౌరమ్మ గబగబా కుంపటి నింపి, దాని మీద చేట కప్పి వీధిలోకి వచ్చింది. భటుడు అడ్డం నిలిచాడు.

"దండోరా వినలేదా?"

"విన్నాను నాయనా. ముందు బిడ్డకి కాపడం పెట్టి వస్తాను. తర్వాత కొట్టుకో. తప్పుకో!"

మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అన్నారా? భటుడు తప్పుకున్నాడు. కుంపటి వేడికి కాసేపట్లో పసివాడు కేర్‌మన్నాడు. గౌరమ్మ బయటికి వచ్చి, "ఇదిగో, వచ్చాను," అంది.

భటుడు కొరడా ఎత్తాడు. సూరాంబ ఒక్క ఉరుకున వచ్చి మధ్యలో నిలబడింది. దెబ్బ ఆవిడ భుజం మీద పడింది.

"నిప్పు అడిగింది నేను. ఇంకా కొట్టాలనుంటే నన్నే కొట్టు!" అంది, కదలకుండా.

అది చూసి ఆడవాళ్లు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. ఈ పక్షం వాళ్లూ వచ్చారు, ఆ పక్షం వాళ్లూ వచ్చారు. అందరి చేతుల్లోనూ పిడకలే. "మాకూ కాస్త నిప్పు ఇవ్వు గౌరమ్మా," అంటూ వానలోనే వరసకట్టారు. ఎంతమందిని కొడతాడు? భటుడు కొరడా చుట్టుకుని వెళ్లిపోయాడు.

యుద్ధం ఇంకా చాలాకాలం సాగింది. ఆ వీధిలో మాత్రం మళ్లీ ఎవరూ ఎవరినీ పక్షం అడగలేదు.

ఏలేవాళ్ల పగలను మన గడప దాటి లోపలికి రానివ్వకూడదు. ఆపదలో ఆదుకునేది పక్కింటివాళ్లే.